ఒళ్ళు తప్పిపోయిన దేముడమ్మ

దేముడమ్మ నాటు వేస్తున్నప్పుడు చేతుల వంక చూసేది కాదు. నడుం వంచి, ముఖం పక్కకి తిప్పి, పక్క వరసలో వంగి ఉన్న దాలమ్మకి ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ ఉండేది. ఎవరి కోడలు ఎందుకు అలిగిందో, ఎవరి గేదె చూలు కట్టిందో, రేషన్ బండి వాడు ఎవరిమీద విసుక్కున్నాడో, నోటికి విరామం ఉండేది కాదు. కుడిచేతి వేళ్ళు నారు పట్టుకుని బురదలోకి దిగడం, పైకి రావడం, కాళ్ళు ఒక్కో అడుగు వెనక్కి వెయ్యడం, ఇవన్నీ ఆమెకి సంబంధం లేని పనుల్లాగా వాటంతట అవే జరిగిపోయేవి. కోటబొమ్మాళి చుట్టుపక్కల వరినాట్లని ఉభాలంటారు. ఉభాల రోజులు వస్తే ఆడవాళ్ళ జట్టు కోసం రైతులు ముందు ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల ఎవరైనా, "సేతులకేసి సూడకండా ఎలాగేస్తన్నావత్తా?" అని అడిగితే ఆమె నవ్వేసేది.

"నానెక్కడేస్తన్నానే? అయ్యే ఏస్తన్నాయి. నాను ఊరికే కూడా వచ్చినాను."

ఆమె భర్త నరసింగరావుకి ఎకరన్నర సొంత భూమి, కొంత కౌలు భూమి ఉన్నాయి. ట్రాక్టర్లు రాకముందు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కోడెదూడల్ని తోలుకొచ్చి, కాడి అలవాటు చెయ్యమని ఆయనకి అప్పజెప్పేవారు. భార్య ఎంత మాట్లాడుతుందో ఆయన అంత తక్కువ మాట్లాడేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, సుహాసిని. శృంగవరపుకోటలో మోటార్లు బాగుచేసే ధర్మేంద్రకిచ్చి పెళ్ళి చేశారు.

ఆ ఏడు ఉభాలు ముగిసిన కొద్ది రోజులకే దేముడమ్మకి జ్వరం వచ్చింది. ఊళ్ళో చాలామందికి వచ్చినట్టే వచ్చి, తగ్గిపోయినట్టే తగ్గిపోయింది. తగ్గిన తరవాత ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి, పొయ్యి వెలిగించడానికి లేవాలనుకుంది. లేచాననే అనుకుంది. కళ్ళు తెరిస్తే ఇంటి వాసాలే కనిపించాయి. మళ్ళీ లేవబోయింది. అంతలో ఎక్కడి నుంచో ఒక చెయ్యి వచ్చి ఆమె నోటిమీద గట్టిగా కొట్టింది.

"మావా! ఎవులో కొట్టినారు నన్ను!" అని అరిచింది.

పశువుల శాలలో ఉన్న నరసింగరావు పరిగెత్తుకొచ్చాడు. గదంతా చూశాడు.

"ఎవులూ నేరే. నీ సెయ్యే తగిల్నాది."

ఆమె కిందికి చూసింది. రొమ్ముమీద ఒక చెయ్యి పడి ఉంది. దానికి ఉన్న ఆకుపచ్చ గాజులు తనవే. ఇది నాదే కదా అనుకుని దాన్ని ఎత్తబోతే అది పక్కకి జారి, మంచం పట్టెకి తగిలి ఆగింది. ఆ తగలడం ఆమె చెవికి వినిపించింది గాని చేతికి తెలియలేదు.

శ్రీకాకుళం తీసుకెళ్ళారు. అక్కడి నుంచి విశాఖపట్నం పంపించారు. అక్కడ తల నెరిసిన ఒక డాక్టరమ్మ ఆమెని కళ్ళు మూసుకోమని, కాలి బొటనవేలు పైకి వంచుతున్నానా కిందికి వంచుతున్నానా చెప్పమంది.

"ఏ ఏలమ్మా? నువ్వు ముట్టుకున్నావేటి?" అంది దేముడమ్మ.

సూదితో గుచ్చితే మాత్రం నొప్పి తెలిసింది. వేడి గాజుగొట్టం ఆనిస్తే వేడి అని, మంచు ఆనిస్తే చల్లన అని సరిగ్గానే చెప్పింది. డాక్టరమ్మ తన చేతిని గట్టిగా నొక్కమంటే, ఆమె కళ్ళతో చూసుకుని ఎలాగో పట్టుకుని, అబ్బా అనేట్టు నొక్కింది.

"బలం ఇంతున్నాది గదమ్మా. మరి నెగిసి నిలబడలేకపోతన్నాదేటి?" అన్నాడు నరసింగరావు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కాళ్ళలో బలం ఉంది. కాని ఆ కాళ్ళు ఎక్కడున్నాయో ఆవిడకి తెలియడం లేదు. మన చెయ్యి ఎక్కడుందో మనం చూడకుండానే తెలుస్తుంది కదా? ఆ కబురు తలకి మోసే నరాలు దెబ్బతిన్నాయి. నొప్పీ వేడీ మోసే నరాలు వేరు, అవి బాగున్నాయి. జ్వరం తరవాత చాలా అరుదుగా ఇలా జరుగుతుంది. జ్వరంతో పోరాడాల్సిన రక్తం పొరపాటున సొంత నరాలమీదే పడుతుంది."

"తగ్గుతాదా?"

"చెడిపోయిన నరాలు తిరిగి రాకపోవచ్చు. అబద్ధం చెప్పను. కాని కళ్ళున్నాయి. కళ్ళతో నడవడం నేర్చుకోవచ్చు."

కళ్ళతో నడవడమేమిటో మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ రోజు అర్థం కాలేదు.

ఇంటికి తీసుకొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు. గాలి సోకిందన్నారు. నరసింగరావు అక్క ఎక్కడి నుంచో తాయెత్తు తెచ్చి కట్టింది. దేముడమ్మ వద్దనలేదు. కట్టడం అయిపోయాక మాత్రం, "ఏ సేతికి కట్టినావొదినా?" అని అడిగింది. ఆ మాటకి వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పగలు కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ కొంత నయంగానే ఉండేది. దుప్పటి మీద చేతులు కనిపించేవి, దూరాన పాదాలు కనిపించేవి, పక్కింటివాళ్ళ సామాను మనింట్లో పెట్టినట్టుగా. కళ్ళు మూసుకుంటే అదీ పోయేది. మెడ వరకే ఉండేది తను. దానికింద ఏమీ లేదు. బరువు లేదు, పరుపు లేదు, మంచం లేదు. ఒక్క తలకాయ చీకట్లో తేలుతున్నట్టు, ఆ తలలో ఎవరో ఒకరు మేలుకుని ఉన్నట్టు ఉండేది. మొదట్లో భయంతో కళ్ళు మూసేది కాదు. భయం కొంచెం పాతబడ్డాక ఆలోచించడం మొదలుపెట్టింది. మనిషి పోయేటప్పుడు జీవుడు ఒళ్ళు వదిలి వెళ్ళిపోతాడని ఆమె చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. తన విషయంలో అది తిరగబడింది.

"ఒల్లే ముందెల్లిపోనాది మావా. నాను మిగిలిపోనాను," అంది ఒకరోజు. "సచ్చిపోయినోలకి ఇలగే ఉంటాదేటి?"

నరసింగరావు ఆమె నోటికి చోడి అంబలి, అదే రాగిజావ, అందిస్తున్నాడు. "నాకేటి తెలుసు? సచ్చిపోయినోలు ఉప్పు సాల్నేదని పేసీ ఎట్టరు," అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి తల పక్కకి వాలిపోయి అంబలి మెడమీద పడింది. గోరువెచ్చని అంబలి. అది కారుతున్న దారంతా ఆమెకి తెలిసింది. మెడ కింద, ఎముక మీదుగా, రొమ్ము పక్కనుంచి. ఇన్నాళ్ళుగా ఖాళీగా ఉన్న చోట ఒక సన్నని గీత గీసినట్టయింది.

"తుడవకు," అంది. "అలగుండనీ."

ఆ మర్నాటి నుంచి నరసింగరావు ఆమెకి వేణ్ణీళ్ళతో స్నానం చేయించడం మొదలుపెట్టాడు. పెరట్లో కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కుర్చీకి కట్టి, చెంబుతో నెమ్మదిగా పోసేవాడు. ఆమె కళ్ళు మూసుకుని, "అదిగో, ఈపు... అల్లదిగో, మోకాలు," అంటూ ఉండేది. నీళ్ళు చల్లారగానే మళ్ళీ ఏమీ ఉండేది కాదు. ఆ కాస్తసేపటికోసం ఆయన పొద్దున్నే కట్టెలు కొట్టుకునేవాడు.

టెక్కలిలో ఫిజియోథెరపీ చేసే తులసి అనే అమ్మాయి ఉందని ఎవరో చెబితే ఆటోలో తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. తులసి పాతికేళ్ళ పిల్ల, మాట కటువు, చెయ్యి మెత్తన. మొదటి రోజే పెద్ద అద్దం ముందు కూర్చోబెట్టింది.

"బలంతో పని లేదు పెద్దమ్మా. నీ చెయ్యి ఎక్కడికెళ్ళాలో ముందు అనుకో. తరవాత దాన్నే చూస్తూ ఉండు. చూపు తియ్యకు. చూపు తీశావో, అది పారిపోతుంది."

గ్లాసు పట్టుకోవడానికి వారాలు పట్టింది. గ్లాసుని చూడాలి, చేతిని చూడాలి, వేళ్ళు ఎంత మూసుకున్నాయో చూడాలి. తక్కువ మూస్తే జారిపోతుంది, ఎక్కువ మూస్తే ప్లాస్టిక్ గ్లాసు నలిగిపోతుంది. గ్లాసు నోటి దగ్గరికి వచ్చేలోగా ఎవరైనా పలకరించి ఆమె బదులు చెప్పిందా, నీళ్ళన్నీ ఒళ్ళోకే. కూర్చుని ఉండగా తుమ్ము వస్తే కట్టు తెగిన గడ్డిమోపులా ఒరిగిపోయేది. పని, మాట రెండూ కలిపి చెయ్యడం ఇక కుదరదని ఆమెకి తెలిసిపోయింది. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి, అన్నం తింటున్నంతసేపూ మౌనంగా, కంచంలోకి కాదు తన వేళ్ళలోకి చూస్తూ తినేది. దాలమ్మ అది చూడలేక పెందరాళే లేచి వెళ్ళిపోయేది.

నిలబడడం నేర్చుకునే రోజుల్లో ఆమెకి విసుగు పుట్టింది. రెండడుగులు వేసి, మూడోది ఎక్కడ పడిందో తెలియక కూలబడి, "నా వల్ల కాదు," అని ఏడ్చింది.

నరసింగరావు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "కొత్త కోడెకి మొదటిరోజే దుక్కి సెప్పకూడదే. కాడి మెడమీదేసి ఊరికే నిలబెట్టాల. రెండో నాడు నాలుగడుగులు. అది బెదరతాది, మనం కోప్పడకూడదు. నీ కుడికాలు కుడిపక్క కట్టే ఎలపటి ఎద్దనుకో, ఎడంకాలు దాపటి ఎద్దనుకో. ఒకదాని తరవాత ఒకటి తోలు."

ఆమె కొన్నాళ్ళు అలాగే చేసింది. ఎలపటి, దాపటి అని పైకే అంటూ పెరట్లో అటూ ఇటూ తిరిగింది. ఆ మాటల తూకంలో అడుగు బాగానే పడింది. ఒకరోజు ఉన్నట్టుండి ఆగి, గోడని చూసి, గోడకి చెయ్యి ఆనించి, ఆ చేతినే చూస్తూ అడిగింది.

"మావా, ఎడ్లని నువ్వు తోలినావు. నువ్వేరు, ఎడ్లేరు. నా కాలు నాను కాదేటి? నన్ను నాను తోలుకోడమేటి? తోలీదెవులు మరి?"

 నరసింగరావు ఆ రోజంతా ఆ మాట గురించే ఆలోచించినట్టున్నాడు. మర్నాడు పశువుల్ని మేతకి తోలుకెళ్తూ వెనక్కి వచ్చి, "ఎద్దు అలవాటు పడిపోతే తోలక్కర్లేదే. సంత నుంచి వస్తా నాను బండిలో కునుకు తీసినా అయ్యే ఇంటికి తెచ్చీసీవి," అన్నాడు.

"నా బండి ఇంటికి రాదు మావా," అంది దేముడమ్మ. "నాను కునుకు తీస్తే అక్కడికక్కడే పడిపోతాది."

ఏడాది తిరిగేసరికి, తల వంచుకుని పాదాలని చూసుకుంటూ వీధి చివరి వరకూ నడిచేంత అయింది. కాలవకి వంశధార నీళ్ళు వచ్చాయి. మళ్ళీ ఉభాలు మొదలయ్యాయి. తనూ వస్తానంది. భర్త వద్దన్నాడు, దాలమ్మ వద్దంది. గట్టున కూర్చుంటానని చెప్పి బయల్దేరింది గాని ఆమె మనసులో ఉన్నది అది కాదు. ఇరవై ముప్ఫై ఏళ్ళు చేసిన పని, చేతులు మరిచిపోయి ఉండవని ఆమె నమ్మకం. గ్లాసూ కంచమూ వేరు, నారు వేరు. నారు చేతికి తగిలితే అవే లేస్తాయనుకుంది.

గట్టు మీద చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని, మడిలోకి దిగింది. బురద నీళ్ళలో మొదట పాదాలు మాయమయ్యాయి. తరవాత పిక్కలు. చల్లదనం తెలుస్తోంది గాని అందులో పాదాలు ఎటు ఆనాయో తెలియడం లేదు. మోకాళ్ళని చూసుకుంటూ ఎలాగో నిలదొక్కుకుంది. నారు తీసుకుని వంగింది. నారు పట్టిన మూడు వేళ్ళూ నీళ్ళలోకి దిగాయి. బురద వాటిని కప్పేసింది. అంతే, ఆ చెయ్యి మణికట్టు దగ్గర ముగిసిపోయింది. దానికింద వేళ్ళున్నాయో లేదో, నారు పట్టుకున్నాయో వదిలేశాయో తెలియలేదు. పైకి తీసి చూస్తే వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి, నారు నీళ్ళమీద తేలుతోంది. మళ్ళీ ముంచింది. మళ్ళీ అంతే.

"దేముడప్పా, సాలే! ఒచ్చీ!" అని దాలమ్మ అరిచింది. ఆ కేకకి తల ఎత్తడమే ఆమె చేసిన తప్పు. మడి, ఆకాశం ఒక్కసారి తిరిగి, పక్కకి పడిపోయింది. ముఖానికి బురద తగిలింది. ఒంట్లో ఆ ఒక్క చోటికే తగిలింది.

ఆడవాళ్ళంతా కలిసి లేవదీశారు. దాలమ్మ కాలవ దగ్గర కూర్చోబెట్టి కడుగుతూ, "నువ్వు గట్టుమీద కూకోనప్పా. కూకోని కబుర్లు సెప్పు సాలు. నీ కబుర్లు నేకపోతే మాకు నడుం వంగదు," అంది.  ఇంటికి వచ్చాక దేముడమ్మ చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. భర్తతో ఒక్కసారి మాత్రం అంది.

"నా ఈపు నాను ఎన్నడూ సూడనేదు. అయినా ఉండీది గదా మావా. అప్పుడు సూడకండానే ఉండీది. ఇప్పుడు సూస్తేనే ఉంతాది. సూడలేనిదేదీ నాది కాదు."

ఆ శీతాకాలం సుహాసిని పురుటికి వచ్చింది. అమ్మ ఆ స్థితిలో ఉంటే ఎలాగని, పురుడు తామే పోసుకుంటామని అత్తగారు మంచి మనసుతోనే అన్నారు. సుహాసిని ఒప్పుకోలేదు. టెక్కలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నక్షత్రం చూసి ఏదో పొడుగు పేరు పెట్టారు. ఆ పేరు నోరు తిరగక దేముడమ్మ బుల్లమ్మ అంది. ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

పేరైతే పెట్టింది గాని పిల్లని ముట్టుకోలేదు. మంచానికి అవతల కూర్చుని చూసేది.

"ఎత్తుకోవే అమ్మా," అంది సుహాసిని.

"వద్దే. నా సేతులు నమ్మకం నేవు. కళ్ళు తిప్పితే ఎల్లిపోతాయి. పిల్ల జారిపోతాది."

"అత్తోరి కాడ దెబ్బలాడి మరీ వచ్చినాను. నువ్వు ముట్టుకోకపోతే నానొచ్చిందెందుకు?"

దేముడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని చేతులు చాచలేదు. సుహాసిని కూడా మూతి ముడుచుకుని కొన్నాళ్ళు ముభావంగా ఉంది. పిల్లకి స్నానం దాలమ్మే వచ్చి చేయించేది.

బుల్లమ్మకి మూడో నెల వచ్చింది. పొద్దుటెండకి పెరట్లో చాప వేసి పడుకోబెట్టేవారు. పక్కనే దేముడమ్మని కాపలా కూర్చోబెట్టి సుహాసిని వంట చేసుకునేది. ఒకరోజు పిల్ల కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటే, కుడి పిడికిలి గాల్లోకి లేచి పిల్ల కళ్ళ ముందుకి వచ్చింది. బుల్లమ్మ కదలడం ఆపేసింది. ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టు ఆ పిడికిలిని గుడ్లప్పగించి చూసింది. అంతలో అది పక్కకి పడిపోయింది. పిల్ల దానికోసం వెతకలేదు. కనిపించనిది లేదు, అంతే. కాసేపటికి అది మళ్ళీ లేచింది, ఈసారి తిన్నగా వచ్చి పిల్ల ముక్కుమీదే పడింది. బుల్లమ్మ బిత్తరపోయి, పెదవి విరిచి, ఏడుపు అందుకుంది.

"ఓలమ్మో!" అంది దేముడమ్మ. "ఒసే సుహాసినీ, ఇలగ్రా! దీన్ని కూడా ఎవులో కొట్టినారే!"

నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే పడిపోతానని తెలుసు, అయినా ఆపుకోలేకపోయింది. చాప మీదికి ఒరిగిపోయి, పిల్ల పక్కనే పడి, పడుకునే నవ్వింది. సుహాసిని గరిటెతో పరిగెత్తుకొచ్చి, అమ్మ పడిపోయిందని కంగారుపడి, ఆ తరవాత సంగతి తెలిసి తను కూడా అక్కడే కూలబడింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే దేముడమ్మ మనవరాలి పక్కన వెల్లకిలా పడుకునేది. పిల్ల తన చేతిని చూసుకుంటుంటే ఈమె తన చేతిని ఎత్తి చూసుకునేది. పిల్ల ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకోబోయి తప్పేది. ఈమె కూడా తప్పేది. ఒక్కోసారి ఇద్దరికీ ఒకేసారి దొరికేవి.

ఇన్నాళ్ళూ ఆమె తనకి ఏదో పుట్టుకతో వచ్చినది పోయిందనుకుంది. పుట్టుకతో ఎవరికీ రాలేదని ఇప్పుడు చూస్తోంది. ఎప్పుడో తనూ ఇలాగే ఏదో చాప మీద పడుకుని, ఈ చేతులు ఎవరివో అని ఆశ్చర్యపోయి, దెబ్బలు తిని, ఒక్కొక్కటే కూడదీసుకుని ఉంటుంది. కూడదీసుకున్నాక ఆ సంగతే మరిచిపోయింది. మరిచిపోయాకే అవి తనవయ్యాయి. తనవి కూడా కాదు, తనే అయిపోయాయి. ఇదంతా ఎవరికైనా చెప్పాలనిపించింది గాని, ఎలా చెప్పాలో తెలియక, "అందరం ఇలగే మొదలెట్టినాం కావాల," అని ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది. "ఒల్లో ఎట్టు. కిందే కూకుంటాను. సాప మీదే."

సుహాసిని పెట్టింది. దేముడమ్మ రెండు చేతుల్నీ చూసుకుంటూ పిల్ల చుట్టూ వేసుకుంది. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంది. చాలాసేపు బాగానే ఉంది. ఇంతలో వీధిలో ఎవరిదో దూడ తాడు తెంపుకుని పెరట్లోకి దూసుకొచ్చింది. ఆమె తల ఎత్తింది. తిరిగి చూసేసరికి చేతులు రెండూ చెరో పక్కా పడి ఉన్నాయి, పిల్ల ఒళ్ళోంచి జారి చాపమీద బోర్లా పడి గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆమె వేసిన కేక నాలుగిళ్ళకి వినిపించింది. పిల్లకి దెబ్బేమీ తగల్లేదు, జారింది జానెడెత్తే. సుహాసిని పిల్లని ఎత్తుకుని ఊరుకోబెట్టింది. దేముడమ్మ ముఖం గోడకి తిప్పుకుని, "సెప్పినాను గదా. తీసుకుపో దాన్ని. నా దగ్గర ఎట్టకు," అంటోంది.

సుహాసిని లోపలికి వెళ్ళింది. ఒక పాత నేత చీర తెచ్చింది. పిల్లని దేముడమ్మ పొట్టకి ఆనించి, చీరని వీపు చుట్టూ, భుజం మీదుగా తిప్పి, బిగించి ముడేసింది.

"సేతులు పోతే పోనీ. ఇదెక్కడికీ పోదు," అంది.

ఏడ్చి అలసిన బుల్లమ్మ అక్కడే నిద్రపోయింది. దేముడమ్మ గోడకి జారగిలబడి, పిల్ల మాడునే చూస్తూ చాలాసేపు ఉంది. కళ్ళు మండాయి. మూసుకుంటే మామూలుగా అంతా మాయమైపోవాలి. మూసుకుంది. మెడ కింద, చీకట్లో, ఒకచోట వెచ్చగా ఉంది. పిల్లంత వెడల్పున, పిల్ల ఊపిరికి తగ్గట్టు కొంచెం పెరుగుతూ, కొంచెం తగ్గుతూ. అది తన కడుపు. చల్లారే నీళ్ళ వేడి కాదు. ఎంతసేపు ఉన్నా ఆ వెచ్చదనం ఉంది. ఏడాదిన్నర తరవాత మొదటిసారి ఆమె కళ్ళు మూసుకుని కూడా ఎక్కడో ఒకచోట ఉంది.

సాయంత్రం నరసింగరావు వచ్చి చూస్తే, మనవరాలితో పాటు ఆమె కూడా గాఢంగా నిద్రపోతోంది. ఆమెకి ఆసరాగా రెండు వైపులా తలగడలు పెట్టి, కూతురు పక్కనే కూర్చుని ఉంది.

వేసవి వచ్చేసరికి బుల్లమ్మ తన చేతుల్ని చూసుకోవడం మానేసింది. దేముడమ్మ అది కనిపెట్టింది. గిలక్కాయ కావాలంటే పిల్ల గిలక్కాయనే చూస్తోంది, చెయ్యి తనంతట తను వెళ్ళి పట్టుకొస్తోంది. పిల్ల దాటేసింది. ఇక చేతుల సంగతి దానికి జీవితంలో గుర్తుండదు. దేముడమ్మకి సంతోషంగానే ఉంది, గుండెలో ఒక్క చోట కలుక్కుమంది కూడా. ఆ పొద్దున చాపమీద ఒక్కతే చెయ్యెత్తి చూసుకుంది.

సుహాసిని అత్తవారింటికి వెళ్ళిపోయాక ఇల్లు మూగబోయింది. దేముడమ్మ ఊరుకోలేదు. తులసి దగ్గరికి వెళ్ళడం మానలేదు. కళ్ళకి కనబడే పనులన్నీ ఒక్కొక్కటే తిరిగి పట్టుకుంది. వేరుశనగ కాయలు ఒలిచేది, కూరలు తరిగేది కాదు గాని ఆకుకూర ఏరేది. కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే కూర్చుండిపోయి, మొగుణ్ణి కేకేసి, దీపం వచ్చేదాకా కబుర్లు చెప్పేది. పని ఆగిన ఆ కాస్తసేపూ మాట పాత దేముడమ్మ మాటలాగే గలగలా వచ్చేది. దాలమ్మ అందుకే కరెంటు పోగానే వాళ్ళింటికి వచ్చేసేది.

ఒకసారి ఆ చీకట్లోనే దాలమ్మ అడిగింది. "అప్పా, ఇంతకీ మనమంటే ఒల్లా, ఒంటి నోపలున్నదా? నీకు తెలిసుండాల."

"నోపలున్నదే అనుకున్నానే," అంది దేముడమ్మ. "ఒల్లు ఎల్లిపోనాక నాను మిగిల్నాను గదా, మరి నోపలున్నదే నాను అనుకున్నాను. కానీ ఆ మిగిల్నది ఏటి మిగిల్నాది? దానికి ఉండడానికి సోటు నేదు. తోచదు. భయం ఒక్కటే ఉంతాది. బుల్లమ్మని కట్టినప్పుడు గదా నాకు సోటు దొరికినాది." మళ్ళీ తనే, "నాకూ తెల్దే. తెలిసినట్టే ఉంతాది, సెప్పబోతే ఉండదు," అంది.

బుల్లమ్మ మొదటి పుట్టినరోజుకి శృంగవరపుకోట బయల్దేరారు. కోటబొమ్మాళి స్టేషన్లో రైలెక్కేటప్పుడు నరసింగరావు కిందనుంచి, లోపలున్న ఎవరో ఆడమనిషి పైనుంచి సాయం పట్టారు. విజయనగరంలో దిగి బస్సు పట్టుకున్నారు. ధర్మేంద్ర బస్టాండుకి ఆటో తెస్తానన్నాడు గాని ఆమె వద్దంది. ఇల్లు దగ్గరే, నడుస్తానంది. సిమెంటు వీధి, పక్కన మురుగుకాలవ, ఎదురుగా సైకిళ్ళు. తల వంచుకుని, పాదాలని చూసుకుంటూ, ఎలపటి, దాపటి అని పెదాలతో అనుకుంటూ నడుస్తోంది. నరసింగరావు అరడుగు వెనకగా వస్తున్నాడు.

"అదిగదిగో, ఎవులొస్తన్నారో సూడు!" అన్నాడు ఉన్నట్టుండి.

అవతలి గుమ్మంలోంచి బుల్లమ్మ బయటికి వచ్చింది. పసుపు గౌను, కాళ్ళకి మువ్వలు. నడక వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, చేతులు రెండూ పైకెత్తి, తూలుకుంటూ వస్తోంది. వెనకే సుహాసిని. మువ్వల చప్పుడు దేముడమ్మ చెవిన పడింది. తల ఎత్తాలి. ఎత్తితే కాళ్ళు పోతాయి. కాళ్ళని చూసుకుంటూ నిలబడితే, పిల్ల తన వైపు నడిచొచ్చే మొదటి నడక కళ్ళకి దక్కదు. రెండూ కుదరవు.

"మావా, నన్ను పట్టుకో. కూకుంటాను."

"ఇక్కడా? నడివీధిలోనేటి?"

"ఇక్కడే."

ఆయన పట్టుకుంటే, మోకాళ్ళని చూసుకుంటూ నెమ్మదిగా వంగి, ఆ సిమెంటు వీధి మధ్యలో చతికిలబడింది. కొత్త చీర, పక్కనే మురుగుకాలవ, అటూ ఇటూ జనం ఆగి చూస్తున్నారు. చేతులు ఒళ్ళో ఎలా పడ్డాయో అలాగే వదిలేసింది. అప్పుడు తల ఎత్తి చూసింది. పిల్ల కాళ్ళకేసి చూసుకోవడం లేదు. తిన్నగా అమ్మమ్మ ముఖంలోకే చూస్తూ వస్తోంది. ఒకసారి తూలింది, నిలదొక్కుకుంది, మళ్ళీ వస్తోంది.

వెనకనుంచి ఆటో వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. నరసింగరావు దానికి అడ్డంగా నిలబడి చెయ్యి చూపించాడు.

"ఆగు బాబూ. పిల్ల వస్తన్నాది," అన్నాడు.